డిప్పమ్మ నిద్రా సంరక్షణ సంఘం

ఒక పెద్ద అడవిలో, చలికాలం ఎముకలు కొరికే కొండవాలున డిప్పమ్మ అనే తాబేలు ఉండేది. అడవినేలే ఏనుగు దొరగారు దాన్ని ముద్దుగా పెంచుకునేవారు. చలి మొదలవగానే డిప్పమ్మ తిండి మానేసి, గొయ్యి తవ్వుకుని, మీద ఆకులు లాక్కుని ఎండలు ముదిరేదాకా నిద్రపోయేది. ఈ పనికి ఏనాడూ ఎవరి సాయమూ కావలసి రాలేదు.

ఆ ఏడు దొరగారికి ప్రేమ పొంగింది. "మా డిప్పమ్మ నిద్రకు లోటు జరిగితే ఒక్కొక్కరి అంతు చూస్తాను" అన్నారు కొలువులో.

మర్నాటికల్లా నిద్రా సంరక్షణ సంఘం వెలిసింది. అడవిపంది వరాలయ్య అధ్యక్షుడు, కోతి కొమ్మరాజు కార్యదర్శి. మొదటి తీర్మానం సాగనంపు విందు.

"కడుపులో తిండి ఉంటే చలికి అరగదు బాబూ. అక్కడే కుళ్లి ప్రాణం తీస్తుంది" అంది డిప్పమ్మ.

"మొహమాటపడకండమ్మా" అంటూ వరాలయ్య దుంప నోటికందించాడు.

డిప్పమ్మ తల లోపలికి లాక్కుంది. విందు సంఘమే తినేసింది.

ఆమెకిలా కన్ను మూతపడిందో లేదో, కొమ్మరాజు డిప్ప మీద దబదబా బాదాడు. "అమ్మా, నిద్ర పట్టిందా?"

"పట్టింది నాయనా, ఇప్పుడే పోయింది."

అంతటితో అయిపోలేదు. డిప్పమ్మను పలకరించకపోతే దొరగారు ఏమనుకుంటారోనని అడవి అడవంతా పళ్లు పట్టుకుని బయల్దేరింది. నెమలి వచ్చి లేపింది. దుప్పి కుటుంబంతో సహా వచ్చి లేపింది. "పాపం, చిక్కిపోయారు" అని అందరూ ఒకే మాట.

నిజంగానే చిక్కిపోతోంది. లేచినప్పుడల్లా ఒంట్లో దాచుకున్న కొవ్వు కరుగుతోంది. ఇలాగే సాగితే వసంతం చూడనని డిప్పమ్మకు తెలిసిపోయింది. భయం వేసింది. ఆ మాటే సంఘానికి చెప్పుకుంది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "ఆవిడకు నిద్రలేమి జబ్బు" అని తేల్చింది. మందుగా నక్కల చేత జోలపాటల కచేరీ పెట్టించింది.

కచేరీ అయ్యాక సంఘం భోజనాలకు వెళ్లింది. డిప్పమ్మ ఉన్న బలమంతా కూడదీసుకుని గోతిలోంచి బయటపడింది. పక్కనున్న గుండ్రాయిని లోపలికి దొర్లించి ఆకులు కప్పింది. పొదల అవతల ఇంకో గొయ్యి తవ్వుకుని, అమ్మయ్య అనుకుని కళ్లు మూసుకుంది.

ఆనాటి నుంచి సంఘానికి పేరే పేరు. ఎన్నిసార్లు బాదినా డిప్పమ్మ పలకడం లేదు! "ఇదీ నిద్రంటే" అని దొరగారు మురిసిపోయి సంఘాన్ని పూలమాలలతో సన్మానించారు.

ఎండలు ముదిరాయి. దొరగారు సపరివారంగా వచ్చారు. సంఘం మేలుకొలుపు పాడింది. రాయి లేవలేదు. దొరగారి కళ్లు చెమర్చాయి, ఆపైన ఎర్రబడ్డాయి.

అంతలో గడ్డి నములుతూ డిప్పమ్మ నడిచొచ్చింది.

"నువ్వు ఇక్కడుంటే, ఆ గోతిలో ఎవరు?" అన్నారు దొరగారు.

వరాలయ్య గొంతు సవరించుకున్నాడు. "చిత్తం, ఈవిడ లేచిన డిప్పమ్మ. ఆవిడ ఇంకా లేవని డిప్పమ్మ."

దొరగారు చాలాసేపు ఆలోచించారు. "అయితే ఆవిడ లేచేదాకా సంఘం ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదు" అన్నారు.

సంఘం ఇంకా అక్కడే ఉంది.

నీతి: సర్కారు వారి సంరక్షణను తట్టుకోవాలంటే రాయై పుట్టాలి.