వంపులు లేని చిన్నబిళ్లకు జేజేలు

రెండో వరద వంతెన మీదికెక్కిన ఏడాది మన చిన్నబిళ్లను, అదే మన చిల్లర నాణేన్ని, మార్చారు. ఈ దేశంలో ఇంతకంటే తెలివైన పని ఇంకోటి జరగలేదని నేను ఘంటాపథంగా చెబుతాను!

నవ్వకండి. ఆ బిళ్ల సంగతి నాకు తెలిసినంత దాన్ని మార్చిన డిజైన్ కమిటీకి కూడా తెలియదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు టంకశాలలో దాని అంచు కొట్టింది నేనే.

పాత బిళ్ల మొదటి వరద ఏడు పుట్టింది. అంచుకు ఎనిమిది వంపులు. ఒక పక్క అంకె, ఇంకో పక్క పడవ, పడవలో తెడ్డు పట్టుకున్న మనిషి. ఆయన నెత్తిన తలపాగా కూడానూ. ఎందుకండీ అంత ఆర్భాటం? కొత్తదాని మీద మనిషి లేడు, పడవ లేదు. ఒక వంకర గీత ఉంది. అది నది అట! వరద ఏడు కదా, మనిషీ పడవా కొట్టుకుపోయి ఉంటారు.

వంపులూ తీసేశారు. గుండ్రంగా, నున్నగా, అచ్చం పదిబిళ్ల సైజులో చేశారు. విలువ పదో వంతే అయినా చూపుకు తీసిపోకూడదుగా! సమానత్వమంటే ఇదే.

లాభాలు ఎన్నని చెప్పను? ఇదివరకు బస్సు కండక్టరు ఎవరి మొహమూ చూడకుండా చిల్లర చేతిలో పడేసేవాడు. ఇప్పుడు ప్రతి బిళ్లనూ కిటికీ వెలుగులో తిప్పి చూసి, పక్కవాళ్లనూ అడుగుతున్నాడు. ఈలోగా దిగాల్సిన స్టాపు దాటిపోతోంది. నడక ఒంటికి మంచిది కాదూ! బరువు చూసే మెషీనైతే చిన్నబిళ్లను మింగి పదిబిళ్ల టికెట్టు కక్కుతోంది. ఊళ్లో తన బరువు తెలియని మనిషి లేడు!

మా ఆవిడకైతే ఈ బిళ్ల ఏకంగా విశ్రాంతినే ప్రసాదించింది.

ఆమెది సూదులూ దారాలూ గుండీలూ అమ్మే కొట్టు. చూపు మసకబారి ఆరేళ్లయింది. అయినా గల్లాపెట్టె ముందు కూర్చుంటే బొటనవేలే ఆమెకు కన్ను. మొన్న సాయంత్రం దర్జీ చిల్లర తీసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పెద్దమ్మా, ఇవి పదిబిళ్లలు. ఇది మూడోసారి. నేను కాబట్టి చెప్తున్నా."

"నువ్వు చెప్పావు నాయనా. చెప్పకుండా పోయినోళ్లు ఎంతమందో!"

లోపలినుంచి మా కోడలు వచ్చింది. "రేపట్నుంచి నేను కూర్చుంటాలే అత్తా. నువ్వు హాయిగా నడుం వాల్చు."

మా ఆవిడ నావైపు తిరిగింది. "ఏమయ్యా, అన్నేళ్లు కొట్టావే, ఏవీ నీ వంపులు? రెండు తెచ్చి అటక మీదన్నా దాచకపోయావా?"

"ఊఁ" అన్నాను.

నలభై ఏళ్లుగా కూర్చున్న కుర్చీ. దిగింది. తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేసి లేచింది.

నేను పనిలో చేరిన రోజు మా మేస్త్రీ చెప్పాడు, "అంకె కళ్లున్నోడి కోసంరా. వంపు అందరి కోసం" అని. పాతకాలం మనిషి! కమిటీలో కూర్చోబెట్టే రకం కాదు.

తెల్లారి అందరికంటే ముందు లేచి, నా పాత సంచిలోంచి లోహం అరగదీసే ఆకురాయి తీశాను. గల్లాపెట్టెలోని చిన్నబిళ్లలన్నిటికీ అంచున ఎనిమిదేసి గాట్లు పెట్టాను. నాణేన్ని గీకడం నేరమని తెలుసు. ఆ మాట రాసిన బోర్డు టంకశాలలో ముప్ఫయ్యొక్క ఏళ్లు నా నెత్తి మీదే వేలాడింది.

కోడలు చూసింది. తాళంచెవి తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. మా ఆవిడ కుర్చీ ఎక్కి, ఒక బిళ్ల తీసి బొటనవేలితో చుట్టూ తడిమింది. మళ్లీ తడిమింది.

"ఎవరో గానీ పనితనం తెలిసినోడే" అంది. "ఒక గాటు మాత్రం కాస్త లోతయింది."

"ఊఁ" అన్నాను.

కొత్తగా వచ్చే చిల్లర కోసం ఆకురాయి పట్టుకుని పక్కనే స్టూలేసుకున్నాను. కమిటీవారు ఇంకా ఏవైనా నున్నగా చేసి ఉంటే, పంపవచ్చు.