మూడో నంబరుకు ఒక్క ఓటు

శనివారం పొద్దున హెప్సిబా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఒకే పోస్టరును మూడు ప్రోగ్రాముల్లో చేసి చూసి, ఏది మేలో తేల్చి, పన్నెండింటికల్లా తలంటుకోవాలి. తలంటు సంగతి సాయంత్రం దాకా మళ్ళీ ఆమెకు గుర్తు రాలేదు.

గిద్దలూరులో తన ఇంటి ముందు గదిలో కూర్చుని, ఆమె ఇంకో పదిమందితో కలిసి బళ్ళలోని పాత కంప్యూటర్ల కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తోంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలిసినవాళ్ళు విప్పి మార్చుకోవచ్చు కూడా. అందులో బొమ్మలూ పోస్టర్లూ చేసుకునే ప్రోగ్రాం ఒక్కదానికే చోటు మిగిలింది. పోటీలో మూడున్నాయి. మొదటి రెండూ పేరుమోసినవి. మూడోది ‘పలక’, హెప్సిబా రెండేళ్ళు కూర్చుని సొంతంగా రాసింది. అదంటే ఆమెకు ప్రాణం. కానీ తన బిడ్డను తనే మెచ్చుకుంటే బాగుండదని, తీర్పు ఊరికి వదిలేద్దామనుకుంది. సాయంత్రం ఆరింటికి, ఆ పదిమందిలో పెద్దది, మార్కాపురంలో ఉన్న మల్లిక ప్రోగ్రాముల జాబితా ఖాయం చేసేస్తుంది. ఆ తర్వాత రెండేళ్ళ దాకా మార్పుల్లేవు.

నమూనాకు ఏదో ఒక విషయం కావాలి కదా. ‘ఆదివారం ఆరాధన అనంతరం ప్రేమవిందు, అందరూ ఆహ్వానితులే’ అని కొట్టింది. ఫోటో లేని పోస్టరును మనవాళ్ళు పోస్టరుగా లెక్కపెట్టరు. ఫోనులో వెతికితే సంఘ పెద్ద ఆశీర్వాదం మామ తెల్లచొక్కాలో నిండుగా దొరికాడు. కింద ‘దాత’ అని వేసింది. ఏ పోస్టరు ఏ ప్రోగ్రాంలో చేసిందో తర్వాత తనే తికమకపడకుండా, గుర్తుగా మొదటిదాంట్లో చికెన్ అనీ, రెండోదాంట్లో మటన్ అనీ, పలకలో వినయంగా పప్పు, అప్పడం అనీ రాసుకుంది.

మూడింటినీ స్త్రీల సమాజం నడిపే చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ‘వీటిలో ఏది బాగుంది? మూడింటికీ చోటు లేదు, ఒక్కటే ఉంచాలి. సాయంత్రం లోపల నంబరు చెప్పండి.’

మామూలుగా సాఫ్ట్‌వేరు గురించి అభిప్రాయం అడిగితే ఏడుగురు పలుకుతారు, అందులో ముగ్గురు పోట్లాడుకుంటారు. ఈసారి పదకొండు కాకముందే నూట ఇరవై ఎనిమిది జవాబులు వచ్చాయి. రెండో నంబరుకు నూట పద్దెనిమిది, మొదటిదానికి తొమ్మిది. మూడోదానికి, ఎవరిదో తెలియని నంబరు నుంచి, ఒక్కటి.

హెప్సిబా చాలాసేపు ఆ ఒక్క ఓటునే చూస్తూ కూర్చుంది. రెండేళ్ళ కష్టం ఊళ్ళో ఒక్కరికి నచ్చింది. అయినా మాటంటే మాటే అనుకుని మల్లికకు ఫోన్ చేసింది.

“అక్కా, రెండోదే పెట్టెయ్. ఊరంతా దానికే ఓటేసినారు.”

“నూట పద్దెనిమిదా? మన సిస్టం మీద ఇంత ప్రేమ ఏందే వాళ్ళకు?” అంది మల్లిక.

“నాకూ అర్థం కాలా. రాహేలు పిన్ని అయితే నాలుగుసార్లు వేసింది.”

సాయంత్రం నాలుగింటికి వీధిలో ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక పొట్టేలు దిగింది, వెనక ఆశీర్వాదం మామ దిగాడు. ఆయన వెనక రెండు పెద్ద వంట గుండిగలూ, ఒక గంటె. హెప్సిబా తల్లి సువార్తమ్మ, స్త్రీల సమాజం అధ్యక్షురాలు, కొంగు దోపుకుని ఎదురొచ్చింది.

“అడక్కుండా ఫోటో వేస్తారా వదినా? మా పిల్ల దీవెనకు ఉద్యోగమొస్తే విందు పెడతానన్న మాట నిజమే. పెట్టనంటినా? రెండేళ్ళే కదా అయింది.”

“నేనేమీ అనలేదన్నా. నువ్వే చెప్పి చేయించినావేమో అనుకుంటి. నా కూతురు పెట్టింది ఊరంతా చూసినాక నేను చూసినా.”

“పప్పు అని కూడా పెట్టినారు కదా, దేవుడు దయ తలిస్తే దాంతో పోతుందేమో అనుకున్నా. అందరూ మటన్ మీదే పడిరి.”

హెప్సిబాకు అప్పుడు అర్థమైంది. ఆ నూట పద్దెనిమిది ఓట్లూ పడింది ప్రోగ్రాముకు కాదు, పొట్టేలుకు.

“మామా, అది ఉత్త నమూనా. విందు లేదు, ఏమీ లేదు. పోస్టరు ఎట్లుందో చెప్పమన్నా, అంతే.”

ఆశీర్వాదం ముఖం వెలిగిపోయింది. “అయితే పొట్టేలును ఎనక్కి తోలుకోని పోవచ్చా?”

అప్పటికే రాహేలు పిన్ని గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆమె పక్కన ఇంకో ఆరుగురున్నారు. “దిగిన పొట్టేలు ఎక్కదులే అన్నా,” అంది తలెత్తకుండా. ఆయన ముఖం మళ్ళీ ఆరిపోయింది.

హెప్సిబా లోపలికి పోయి మల్లికకు ఉన్నదున్నట్టు చెప్పింది. మల్లిక నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, “ఆ ఓట్లు చెల్లవు. ఆరు లోపల ఒక్కటన్నా సరైన ఓటు చూపియ్. ముక్క కోసం కాకుండా పోస్టరు చూసి వేసింది,” అంది.

చూపించడానికి ఉన్నది ఆ పప్పు ఓటొక్కటే. అది ఎవరిదో తనకు తెలుసనుకుంది హెప్సిబా.

“మామా, మూడో నంబరు నువ్వే కదా వేసింది?”

“పెట్టేవాడికి ఓటెక్కడుంది మ్మా? నన్ను ఎవరు అడిగినారు?”

ఆరుకు పావుగంట ఉందనగా విశ్వాసం పెదనాయన వచ్చాడు. ఒకప్పుడు గిద్దలూరులో గోడ మీద అక్షరం కనిపిస్తే అది ఆయన చేతిదే. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షులు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పొట్టేలును చూడలేదు, గుండిగలను చూడలేదు. కొడుకు కొనిచ్చిన కొత్త ఫోను పట్టుకుని నేరుగా లోపలికి వచ్చాడు.

“హెప్సీ, ఈ మూడోది ఎవరు రాసింది?”

“పప్పుదా పెదనాయనా?”

“పప్పో ఉప్పో నాకెందుకు. నేను ఓటేసింది అక్షరానికి. మిగతా రెండింట్లో ఒత్తులు కింద వరస మీద పడినాయి. దీంట్లో దేని కింద అది కుదురుగా కూర్చునింది. అక్షరానికీ అక్షరానికీ ఊపిరాడే సందుంది. మిషను చేసింది కాదిది, చెయ్యి తిరిగినోడు రాసినాడు. ఆ మనిషిని ఒకసారి చూడాలని వచ్చినా.”

చిన్నప్పుడు ఆయన నిచ్చెన కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడి, ఆ సందులు ఎంతెంత వదలాలో చూసి నేర్చుకున్నది హెప్సిబా. పలకలో ఆమె రెండేళ్ళు చేసింది ఆ కొలతలను మిషనుకు నేర్పడమే. మల్లికకు ఫోను కలిపి, స్పీకరులో పెట్టి ఆయన చేతికిచ్చింది.

“ఇంకోసారి చెప్పు పెదనాయనా.”

ఆయన ఇంకోసారి చెప్పాడు, ఈసారి కొంచెం పొడుగ్గా. అంతా విని మల్లిక తీర్పు చెప్పింది. “చెల్లిన ఓట్లు ఒకటి. పలక ఏకగ్రీవం. ఫైలు పంపియ్, పది నిమిషాలే ఉంది.”

హెప్సిబా కళ్ళు తుడుచుకుంటూనే పంపింది. కళ్ళు తుడుచుకుంటూ పంపడం వల్ల, ప్రోగ్రాముతో పాటు అందులో తెరిచి ఉన్న పప్పు పోస్టరు కూడా పోయింది.

ఇప్పుడు దొనకొండ నుంచి పొదిలి దాకా ఏ బళ్ళో పలక తెరిచినా ముందు ఆశీర్వాదం మామ తెల్లచొక్కాలో కనిపించి, ఆదివారం ప్రేమవిందుకు అందరినీ రమ్మంటాడు. ఎవరైనా నిజంగా వచ్చేస్తారేమోనని ఆయన మొదట్లో చాలా భయపడ్డాడు. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు, పప్పని రాసుంది కదా.