ముగ్గురు వెంకటేశ్వర రావులు, ఒక ప్యాకేజీ

ఆ గురువారం ఉదయం కౌశల్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పదకొండింటికల్లా ఆఫీసు పని ముగించాలి. మూడింటికి భార్య అక్షరతో కలిసి ప్రభుత్వ ఇళ్ళ సంస్థ ఆఫీసైన హెచ్‌డీబీ హబ్‌లో, పుంగ్గోల్‌లోని కొత్త ఫ్లాటు తాళాలు తీసుకోవాలి. మర్నాడు ఉదయం ఆరూ పన్నెండుకు పాలు పొంగించాలి. అది దాటితే మరో రెండు నెలల దాకా ముహూర్తం లేదు. అదృష్టం కొద్దీ ఆఫీసు కూడా హబ్ ఉన్న టోవా పాయో పేటలోనే; అక్కడికి ఏడు నిమిషాల నడక.

"ఇద్దరం సైన్ చెయ్యాలి. డోంట్ బి లేట్ లా," అంది అక్షర. ఆమె ఆ ఊళ్ళోనే, హౌగాంగ్ పేటలో పుట్టి పెరిగింది. తెలుగులో మొదలుపెట్టి, మాట చివర 'లా' తగిలించే అక్కడి ఇంగ్లీషులో తేలుతుంది.

ఏ బ్లాకులో ఏ లిఫ్టు ఎప్పుడు మరమ్మతులో ఉంటుందో నివాసులకు తెలియజేసే సాఫ్ట్‌వేరు కౌశల్ వాళ్ళది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అన్నీ తామే రాసుకోరు. ఎవరో రాసి నెట్‌లో ఉచితంగా పెట్టిన ప్యాకేజీలు తెచ్చి కలుపుకుంటారు, కొట్లో దొరికే ఇడ్లీ పిండి తెచ్చుకున్నట్టు. తేదీలను చక్కగా చూపించే ప్యాకేజీ ఒకటి వాళ్ళు ఏళ్ళుగా వాడుతున్నారు. ఆ ఉదయం కౌశల్ వెతికితే అదే పేరుకు చివర 'లేటెస్ట్' అని తగిలించుకున్న ఇంకొకటి కనబడింది. చేసినవారి పేరు వెంకటేశ్వర రావు. ఫొటో ఉండాల్సిన చోట ఇత్తడి దీపం ఉంది.

కొత్త ప్యాకేజీ వాడాలంటే టీములో మరో ఇద్దరు సరేననాలి. కౌశల్ దాన్ని మేనేజరు రాజారావుకూ, టెస్టింగు చూసే కమలాదేవికీ చూపించాడు.

"చేసింది అక్షర వాళ్ళ బాబాయి అనుకుంటా సార్. రిటైరయ్యాక ఇలాంటివేవో నేర్చుకుంటున్నారు."

"మీ వాళ్ళేంటయ్యా! మా బావ వెంకటేశ్వర రావు అయ్యుంటాడు. పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందే ఉంటాడు," అన్నాడు రాజారావు.

కమలాదేవి కళ్ళజోడు సవరించుకుంది. "ఆ దీపం మా పుట్టింటిదండీ. మా తమ్ముడు వెంకటేశ్వర రావే."

రాజారావు పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పాడు. "మీ తమ్ముడైనా, మా బావైనా, వాళ్ళ బాబాయైనా మనవాడేగా. కానివ్వండి."

అప్పటికీ ఏమీ మించిపోలేదు. కానీ సంతోషం పట్టలేక ముగ్గురూ తలో మూలకూ వెళ్ళి ఎవరి వెంకటేశ్వర రావుకు వాళ్ళు ఫోను చేసి అభినందించారు. ముగ్గురు వెంకటేశ్వర రావులూ ఆ అభినందనలు వినయంగా స్వీకరించారు.

ఒంటిగంటకు సెక్యూరిటీ చూసే సెరీన్ దగ్గర్నుంచి ఎర్ర అక్షరాల మెయిలు వచ్చింది. 'ఉదయం మీరు తెచ్చుకున్నది అసలుది కాదు. అసలుదానిలా వేషం వేసుకున్న దొంగ ప్యాకేజీ. పాస్‌వర్డుల కోసం వెతుకుతోంది. నేను వచ్చేదాకా ఎవరూ ఆఫీసు దాటొద్దు.'

కౌశల్ గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత హౌగాంగ్‌లో ఉండే అక్షర బాబాయికి ఫోను కలిపాడు.

"మావయ్య గారూ, అందులో ఏం పెట్టారు?"

"ఎందులో అల్లుడూ?"

"మీరు చేసిన ప్యాకేజీలో!"

"నేనా? నాకు మెయిలుకు ఫొటో తగిలించడమే రాదు కదయ్యా!"

"మరి పొద్దున కాదనలేదేం?"

"నువ్వు అంత బాగా పొగుడుతుంటే మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నాను."

పక్క గదిలోంచి రాజారావు గొంతు వినిపిస్తోంది. "బావా, నువ్వు దొంగవని నేనట్లేదు, మెయిల్లో అలా ఉంది!" ఇటు కమలాదేవి ఫోనులో తమ్ముణ్ణి కడిగేస్తోంది. "ఒరేయ్, దీపం మనది కాకపోతే ఎవరిదిరా?"

రెండున్నర దాటింది. అక్షర నుంచి 'వేర్ ఆర్ యూ' అని నాలుగు మెసేజీలు వచ్చాయి. ఇలా తేలదని రాజారావు ముగ్గురినీ ఒకే కాల్‌లో కలిపి స్పీకరు పెట్టాడు.

"వెంకటేశ్వర రావు గారూ, నిజం చెప్పండి. ఆ ప్యాకేజీ మీదేనా?"

"కాదు!" అన్నాయి మూడు గొంతులు. అందులో ఒకరు, "మీరూ వెంకటేశ్వర రావు గారేనా అండీ? ఏ ఊరు?" అని అడిగారు. రెండు నిమిషాల్లో బావగారిదీ తమ్ముడిదీ ఒకే గోత్రమని తేలింది. బాబాయిగారి తోడల్లుడు బావగారికి ఇంటర్లో క్లాస్‌మేటు. ప్యాకేజీ సంగతి అందరూ మర్చిపోయారు, కౌశల్ తప్ప. అతను బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి, ఉద్యోగం కావాలా ఇల్లు కావాలా అని లెక్క వేసుకుంటున్నాడు.

అప్పుడు ఆ తలుపు తెరుచుకుని సెరీన్ లోపలికొచ్చింది.

"ఈ ప్యాకేజీ వెంకటేశ్వర రావు మీలో ఎవరికి తెలుసు?"

ముగ్గురూ చేతులెత్తి, వెంటనే దించేశారు.

"డ్రిల్ లా, డ్రిల్!" అంది సెరీన్. "మీరు మోసపోతారో లేదో చూద్దామని ఆ ప్యాకేజీ నేనే చేసి పెట్టాను. ఏమీ దొంగిలించదు. మీ ఎమర్జెన్సీ కాంటాక్టు ఫారాలు ఫైలు చేసేది కూడా నేనే కదా. ముగ్గురూ ఒకే పేరు రాశారు, అదే దీనికీ పెట్టాను. ఎవరో చాలా పెద్దాయన అనుకున్నా."

రాజారావు కుర్చీలో కూలబడ్డాడు. కౌశల్ మాత్రం అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. రోడ్డు దగ్గరకు చేరేసరికి నడిచేవాళ్ళ సిగ్నల్లో పచ్చ బొమ్మ వెలిగింది. హబ్‌లో ముక్కూ మొహం తెలియని ముసలమ్మ ఒకావిడ, పరిగెత్తుకొస్తున్న అతన్ని చూసి లిఫ్టు తలుపు పట్టుకుని ఆగింది. రెండూ యాభై ఎనిమిదికి అతను అక్షర పక్కన కూర్చున్నాడు. ఆమె టిష్యూ తీసి అతని నుదురు తుడిచింది.

మర్నాడు పాలు ముహూర్తానికే పొంగాయి. దొంగలన్నందుకు పరిహారంగా ముగ్గురు వెంకటేశ్వర రావులనూ భోజనానికి పిలిచారు. ఊళ్ళోనే ఉండేవాళ్ళు కనుక ముగ్గురూ వచ్చి పులిహోర మెచ్చుకుని, ఒకరి నంబరొకరు రాసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇద్దరూ గిన్నెలు తుడుస్తుండగా అక్షర అడిగింది. "స్పేర్ కీ ఎక్కడ పెట్టావ్?"

"వెంకటేశ్వర రావు గారి దగ్గర ఉంచమని భోజనానికొచ్చిన రాజారావు గారి చేతికిచ్చాను."

"విచ్ వన్?"

కౌశల్ తుడుస్తున్న గిన్నె కింద పెట్టి ముగ్గురికీ వరసగా ఫోను చేశాడు. తాళం చెవి తన దగ్గరే భద్రంగా ఉందనీ, నిశ్చింతగా ఉండమనీ ముగ్గురూ చెప్పారు.

గడపకు రాసిన పసుపు ఆరకముందే ఆ ఇంటి తాళం మారింది.