మెషినుకు దారి చెప్పిన నూకరాజు

మనిషికి దారి తెలియడం పెద్ద జబ్బు! ఆ జబ్బుకు 1998లో ఖరగ్‌పూర్‌కు మందొచ్చింది. దాని పేరు జీపీఎస్.

పాఠకులారా, ముందు రోగి సంగతి వినండి. వర్క్‌షాపు ఫిట్టర్ నూకరాజు ఇరవై రెండేళ్ళుగా ఏటా చలికాలంలో తెలుగువాళ్ళ సైకిల్ దండును కాంసాయి నది ఒడ్డుకు తీసుకెళ్ళేవాడు. అందరికంటే ముందు ఆయన సైకిలే. ఏడాది పొడుగునా ఫోర్‌మన్ వెనక నడిచే మనిషికి ఆ ఒక్క పూటా ముందుండాలని తాపత్రయం. ఆ పిచ్చి ఎవరో ఒకరు కుదర్చాలి కదా?

రైల్వే గుమాస్తా తిమోతి కుదిర్చాడు. ఓడలో పనిచేసే బావ సింగపూర్ నుంచి తెచ్చిన జీపీఎస్ మెషినును హ్యాండిల్‌కు కట్టుకొచ్చాడు. దానికి ఉపగ్రహాలు తెలుసు గానీ కాంసాయి దారి తెలియదు! మలుపు మలుపుకీ ఒక పాయింటు గుర్తుపెట్టి, పేరు పెట్టాలి. పేర్లెవరు చెబుతారు? ఇంకెవరు!

నూకరాజు పొంగిపోయాడు. రెండు ఆదివారాలు తిమోతిని దారంతా తిప్పాడు.

"రాస్కో. ఇది పంచర్ దాదా కొట్టు. అది కుక్కల మలుపు. ఈడ మన సొలొమోను పడిపోనాడు, సొలొమోను గొయ్యని ఎట్టు."

పన్నెండు పేర్లు చెప్పాడు. ఒక్కటీ దాచుకోలేదు. ఎంత ఉదారుడో!

ప్రయాణం రోజున తిమోతి మెల్లిగా అన్నాడు: "బాబాయ్, ఇంక ముందు మెషినుంటాది. నువ్వు ఎనకాల రా."

"దారి నానే సెప్పినాను కదేటి?"

"అందుకే కదా! ఇంక నీకు శ్రమెందుకు?"

నూకరాజుకు మనసు చివుక్కుమంది. సుఖం అలవాటు లేక! వెనకాల దుమ్ము తింటూ వెళ్ళాడు. దారిలో టీకొట్టు దాదా, బెంగాలీలో అన్నా అన్నట్టు, "రాజుదా!" అని పిలిచినా దండు ఆగలేదు, మెషిను అప్పటికే తర్వాతి పాయింటు చూపిస్తోంది. ఇరవై నిమిషాలు కలిసొచ్చాయి. ఆ ఇరవై నిమిషాలూ నది ఒడ్డున కూర్చుని మెషినునే చూశారు.

మరుసటేడు తెలుగువాళ్ళ సంఘం కృతజ్ఞత మరవలేదు. ఆయనకు మోకాళ్ళ నొప్పులని తామే తేల్చి, పిలవడం మానేసి, పదమూడో పాయింటుకు ఆయన పేరు పెట్టింది. బతికుండగా అంత గౌరవం ఎందరికి దక్కుతుంది? పాయింటు ఆయనుండే పూరీ గేట్ పేటలో, ఆయన వీధి మొదట్లోనే.

ఆ ఉదయం నూకరాజు సైకిల్‌కు గాలి కొట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని, అక్కడే నిలబడ్డాడు. ఎవరైనా రమ్మంటే చాలు, వెనకాలైనా సరే.

దండు వచ్చింది. మెషిను కుయ్‌మంది. తిమోతి తల వంచి తెర చూసి, "నూకరాజు బాబాయ్ పాయింటొచ్చేసినాదిరా!" అని కేకేశాడు. అందరూ ఈలలు వేశారు. ఎవరూ బ్రేకు నొక్కలేదు.

మెషినును తప్పుపట్టకండి. అది సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే కూసింది.