ఆల్ముట్ హార్మ్స్‌కు జరిగిన సన్మానం

లారీ డ్రైవర్లు జాతికి వెన్నెముక అనే సంగతిని హోల్జెన్‌బెక్ పట్టణంలోని మహా గోదాము యాజమాన్యం మే నెల రెండో బుధవారంనాడు అధికారికంగా కనుగొంది. కనుగొన్నది నలుగురికీ చెప్పాలి కనుక సభ పెట్టారు. రవాణా శాఖ సహాయ మంత్రి డాక్టర్ ఐకెల్మాన్ గారు ముఖ్య అతిథి. వృత్తిలో మొదటి ఏడాది పూర్తిచేసిన డ్రైవర్లలో ఉత్తమురాలిగా ఆల్ముట్ హార్మ్స్ అనే నలభై తొమ్మిదేళ్ల ఆవిడను ఎంపిక చేశారు. ఎంపిక నిష్పక్షపాతంగా జరిగింది. ఆ ఏడాది చేరిన ఐదుగురిలో పారిపోకుండా మిగిలింది ఆవిడ ఒక్కతే.

అంతకుముందు ఆల్ముట్ ఇరవై రెండేళ్లు పట్టణ గ్రంథాలయంలో పనిచేసింది. చదివేవాళ్లు తగ్గిపోయారని నగరసభ గ్రంథాలయాన్ని మూసేసింది; లారీలు నడిపేవాళ్లు తగ్గిపోయారని ఆవిడకు డ్రైవింగ్ నేర్పించింది. రెండు కొరతలనూ ఒక్క సంతకంతో తీర్చినందుకు మేయరుగారిని ఆ వారం పత్రికలు మెచ్చుకున్నాయి.

ఆవిడ పక్కన కూర్చుని పని నేర్పినవాడు హిన్నెర్క్. అరవై మూడేళ్ల మనిషి. రోజు మొత్తంలో ఆయన ఆడిన మాటలు ఒక పోస్టుకార్డు మీద పట్టేవి.

"ఈ ఉద్యోగంలో రూల్సు ఎన్నున్నాయి హిన్నెర్క్?" అని మొదటిరోజే అడిగింది ఆల్ముట్. గ్రంథాలయంలో రూల్సు గోడకు అంటించి ఉండేవి.

"రెండే. ఆగకూడదు. ఆగకుండా ఉండకూడదు."

"వేళాకోళమా?"

"ఆరు నెలలాగి నువ్వే చెప్పు."

ఆరు నెలలు అక్కర్లేకపోయింది. నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట విశ్రాంతి తీసుకోవాలని చట్టం. ఆ లెక్కను బండిలోని యంత్రం రాస్తూ ఉంటుంది. బండి కదిలితే విశ్రాంతి చెల్లదు. చట్టం విశ్రాంతిని ఇచ్చింది గాని, తీసుకునే చోటు ఇవ్వడం మరిచిపోయింది. అక్టోబరులో ఒక గురువారం మూడు విశ్రాంతి స్థలాలూ నిండిపోయి ఉంటే, నాలుగోదాని మలుపులో ఆల్ముట్ బండిని ఓరగా ఆపింది. ఆపినందుకు ఒక పోలీసు జరిమానా రాశాడు. మరుసటి వారం చోటు కోసం వెతుకుతూ పదకొండు నిమిషాలు ఎక్కువ నడిపింది. ఆపనందుకు ఇంకో పోలీసు జరిమానా రాశాడు. ఇద్దరూ ఎంతో మర్యాదస్తులు. ఇద్దరూ "క్షేమంగా వెళ్లిరండి" అన్నారు.

గోదాముల్లోనూ ఆవిడకు మంచి చదువే దొరికింది. బండిని వెనక్కి పెట్టి సరుకు దింపే తలుపుకు ఆనించాలంటే నలుగురు మగవాళ్లు నాలుగు దిక్కుల నుంచి చేతులు ఊపేవారు. నలుగురిలో ఎవరినీ చూడకుండా అద్దాలు మాత్రమే చూస్తే బండి సరిగ్గా వెళ్తుందని డిసెంబరుకు తెలుసుకుంది. "డ్రైవరు ఎక్కడమ్మా?" అని ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్లకు తనూ వెనక్కి తిరిగి చూసి, "ఇప్పుడే ఇక్కడే ఉందే!" అని జవాబివ్వడం జనవరికి అలవాటైంది. ఎక్కడికి వెళ్లినా మరుగుదొడ్డి తలుపు మీద "మా సిబ్బందికి మాత్రమే" అని ఉండేది. మొదటి నెల వాదించింది. రెండో నెల బతిమాలింది. మూడో నెల నుంచి కాఫీ మానేసింది. దీన్నే శాఖవారు తమ నివేదికల్లో వృత్తి నైపుణ్యం అంటారు.

అయినా ఆవిడ మానలేదు. ఫిబ్రవరిలో మంచు కురుస్తుండగా, రెండువైపులా జానెడు సందు కూడా లేని ఒక తలుపులోకి పదహారున్నర మీటర్ల బండిని ఒక్క ప్రయత్నంలో పెట్టింది. పక్క బండిలోంచి హిన్నెర్క్ కిటికీ దించి, "బాగుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆల్ముట్ రెండు రోజులు సంతోషంగా ఉంది. గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు.

సన్మానం రోజు ఉదయం కూడా ఆవిడకు డ్యూటీ వేశారు. గోదాములోని మరుగుదొడ్లన్నిటికీ పోయే గొట్టం పగిలింది. సభకు వచ్చే పెద్దల కోసం మూడు తాత్కాలిక మరుగుదొడ్లను అద్దెకు తీసుకున్నారు. వాటిని తేవాల్సిన బండి ఆల్ముట్‌ది. నాలుగున్నర గంటలు నడిపి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాను సీటు వెనక వేలాడదీసుకుని, పదింటికి గేటు దగ్గరకు చేరింది.

గేటు గుమాస్తా ఫ్రెర్క్స్ కంప్యూటరులో చూశాడు. "మీ సరుకు దింపుడు మూడున్నరకు మేడమ్."

"సభ పదకొండింటికి కదా? ఈ సరుకు సభకే!"

"సరుకు ఏంటన్నది నా తెరమీద రాదు. టైమే వస్తుంది."

"సరే, బండి బయట ఉంచి నేను లోపలికి వస్తాను. ఇవాళ సన్మానం నాకే. ఇదిగో ఆహ్వానం."

ఫ్రెర్క్స్ మళ్లీ చూశాడు. అతను చెడ్డవాడు కాదు. అతని ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "మీ పేరు రెండు జాబితాల్లో ఉంది మేడమ్. డ్రైవరుగా ఒకటి, అతిథిగా ఒకటి. ఒక మనిషిని రెండుసార్లు ఎక్కించుకోదు ఇది. డ్రైవర్లు టైముకు ముందు గేటు దగ్గరి పసుపు గీత దాటకూడదు."

"పోనీ, మరుగుదొడ్డికైనా..."

"గొట్టం పగిలింది కదండీ. అందుకేగా మీరొచ్చింది."

అతిథుల కార్లు రావడంతో ఆవిడ బండిని మూడుసార్లు ముందుకూ రెండుసార్లు వెనక్కూ జరిపించారు. జరిపినప్పుడల్లా విశ్రాంతి లెక్క మళ్లీ మొదటికొచ్చింది. చివరికి పన్నెండుంబావుకు గేటు ఎదురుగా చోటు దొరికింది. ఇంజిను ఆపి, మళ్లీ మొదటి నిమిషం నుంచి విశ్రాంతి మొదలుపెట్టింది.

లౌడ్ స్పీకరులో సహాయ మంత్రిగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "మీరు ఆగితే దేశం ఆగుతుంది! మీ విశ్రాంతి మాకు పవిత్రం! ఒక్క నిమిషం విశ్రాంతిని కూడా ఎవరూ మీ నుంచి లాక్కోలేరు, నేను లాక్కోనివ్వను!" చప్పట్లు. తర్వాత ఆల్ముట్ హార్మ్స్ పేరు పిలిచారు. ఆవిడకు తెలియకుండానే చేయి తలుపు పిడి మీదికి వెళ్లింది. ఆవిడ తరఫున ఆఫీసు ఉద్యోగిని ఒకామె, కొత్త డ్రైవరు కోటు తొడుక్కుని, జ్ఞాపిక అందుకుందని లౌడ్ స్పీకరు చెప్పింది. మళ్లీ చప్పట్లు. ఆల్ముట్ పిడి మీద నుంచి చేయి తీసి, తెల్ల చొక్కాను మడిచి సంచిలో పెట్టేసింది.

లోపల నాలుగు ఉపన్యాసాలు అయ్యాయి. కాఫీ మాత్రం ధారాళంగా పోశారు. పన్నెండున్నరకు డాక్టర్ ఐకెల్మాన్ గారు, మేయరుగారు, వెనక పాతికమంది పెద్దలు గేటు వైపు రావడం కనిపించింది. నడక అనడానికి కాస్త వేగం ఎక్కువ, పరుగు అనడానికి మోకాళ్లు దగ్గరగా ఉన్నాయి.

"ఇదేనా బండి? త్వరగా లోపలికి పోనివ్వండమ్మా, త్వరగా!" అన్నారు సహాయ మంత్రిగారు.

"విశ్రాంతిలో ఉన్నానండీ. ఇంకా అరగంట ఉంది."

"అబ్బా, ఒక్క ముప్ఫై మీటర్లు!"

"అంగుళం కదిలినా యంత్రం రాసేస్తుంది. పైగా తమరే ఇప్పుడు సెలవిచ్చారు, ఒక్క నిమిషం కూడా లాక్కోనివ్వనని. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయండీ."

"ఇక్కడే దింపెయ్యండి!"

"రోడ్డు మీద దింపితే జరిమానా. కావాలంటే ఫ్రెర్క్స్‌ని అడగండి."

ఫ్రెర్క్స్ తల వంచుకుని అవునన్నాడు. మేయరుగారు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారారు. "మరి మీవాళ్లంతా ఏం చేస్తారమ్మా ఇలాంటప్పుడు?" అని అడిగారు. ఏడాదిలో ఆల్ముట్‌ను ఆ ప్రశ్న అడిగిన అధికారి ఆయన ఒక్కరే.

ఆవిడ రోడ్డుకు అవతల ఉన్న కంచె పొదల వైపు చేయి చూపింది. "మగవాళ్లు ఎడమవైపు. ఆడవాళ్లు కుడివైపు. ముళ్లుంటాయి, చూసుకోండి."

ఆ పూట హోల్జెన్‌బెక్ ప్రజాప్రతినిధులు రవాణా రంగ సమస్యలను క్షేత్రస్థాయిలో స్వయంగా అనుభవించారు. తిరిగొచ్చినప్పుడు డాక్టర్ ఐకెల్మాన్ గారి ముఖం చాలా గంభీరంగా ఉంది. "ఇది సిగ్గుచేటు. మనుషులు ఇలా బతకాలా? వెంటనే చర్య తీసుకుంటాను," అన్నారు. ఆయన నిజాయితీని శంకించడానికి లేదు. ఆల్ముట్ కూడా నమ్మింది. ఆ రాత్రి హిన్నెర్క్‌కు ఫోను చేసి చెప్పింది. "ఎప్పటికి?" అని అడిగాడాయన. ఆయన కూడా నమ్మాడేమో.

మాట ప్రకారమే చర్య జరిగింది, అదీ మూడు వారాల్లోనే. పొదల దగ్గర ముళ్లు కొట్టేసి, నున్నటి రాళ్లు పరిచి, చుట్టూ దడి కట్టి, లోపల దీపమూ చేతులు కడుక్కునే కుళాయీ పెట్టారు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఉంచారు. తలుపు మీద బోర్డు బిగించారు: "గౌరవ అతిథులకు మాత్రమే."

ఆ రాళ్లు, దడి, దీపం, కుళాయి, తాళం, బోర్డు అన్నీ సమయానికే చేరాయి. తెచ్చింది ఆల్ముట్. సంతకం పెట్టించుకుని, ఇక్కడ ఎక్కువసేపు ఆపకూడదని ఫ్రెర్క్స్ గుర్తుచేస్తే, వెళ్లిపోయింది.