ఫ్రీజరు అడిగితే శాలువా

శాస్త్రవేత్తలకు నిధులిచ్చి చెడగొట్టకండి మహాప్రభో! ఇస్తే ఏమవుతుంది? షుగరుకు మందు కనిపెట్టేస్తారు. ఆ తర్వాత మన ప్రొద్దుటూరు గతేం కాను? వీధి వీధికీ ల్యాబులు, ల్యాబు పక్కనే మెడికల్ షాపులు, తెల్లారితే గ్రౌండులో చేతులూపుకుంటూ వాకింగు చేసే పెద్దమనుషులు, కాకరకాయ రసం అమ్మి మిద్దెలు కట్టిన మహానుభావులు! వీళ్లందరి పొట్ట కొడతామా?

ఈ వివేకమంతా మధుమేహ పరిశోధన ప్రోత్సాహక సంఘం అధ్యక్షుడు నారాయణది. పులివెందులలో చీనీ, అంటే బత్తాయి, తోటలున్న పెద్దరైతు. ఆశాజనకమైన శాస్త్రవేత్తలను ఆదుకోవడమే సంఘం ఆశయం. ఆదుకోవడమంటే ఆయన దృష్టిలో సన్మానం చేయడమే.

ఈసారి ఆయనకు దొరికింది తబితా. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పెరిగిన పిల్ల. చిన్న వయసులోనే షుగరు వచ్చినవాళ్ల రక్తం ఊరూరా తిరిగి సేకరించింది. వాళ్లలో కొందరికి ఇన్సులిన్ సూది అక్కర్లేదనీ, మాత్రలు చాలనీ ఆమె అనుమానం. అది తేలేదాకా రక్తం చెడకుండా దాచాలి. అందుకని సంఘాన్ని ఒక డీప్ ఫ్రీజరు అడిగింది.

నారాయణ ఆ కోరిక ఎంత ఘనంగా తీర్చాడనుకున్నారు! చందాలు దండాడు. బస్టాండు నుంచి కల్యాణమండపం దాకా ఫ్లెక్సీలు కట్టించాడు. వాటిలో తబితా బొమ్మ తపాలా బిళ్లంత, ఆయనది తలుపంత. గజమాల, పట్టుశాలువా, భోజనాల్లో ఓళిగలు, మైసూరుపాకు. షుగరు మీద సభ కదా, తీపి లేకుంటే ఎట్లా?

"మామా, శాలువా సాలు. ఫ్రీజరు సంగతేంది?" అంది తబితా వేదిక మీదే.

"యాడికి పోతాదమ్మా ఫ్రీజరు? ముందు దండ ఎయ్యనీ. ఫొటోవాళ్లు కాసుకోనుండారు."

"ఇంగ వద్దులే మామా. పాత ఫ్రిజ్జు నిన్న చెడిపాయ. రక్తమంతా పాడైపాయ. మల్లా మొదట్నించి తిరగల్ల."

నారాయణ చెక్కుచెదరలేదు. మైకందుకుని, "తిరుగమ్మా! నువ్వు మల్లా తిరుగు, మేం మల్లా సన్మానం జేస్తాం!" అన్నాడు. హాలంతా చప్పట్లు!

చప్పట్లు ఆగాక ఆయన కూతురు హేమలత వేదికెక్కింది. పాపం, బడిలో చదివే రోజుల నుంచీ పూటపూటా సూది పొడుచుకుంటున్న పిల్ల.

"నాయనా, ఆ పాడైనదాంట్లో నా రక్తం గూడా ఉండాది. సూది మానుకోవచ్చునో లేదో ఈ నెల్లో చెప్తానన్యాది అక్క."

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట వంటశాల దాకా వినిపించింది. మైకు దొరికితే ఒక పట్టాన వదలని నారాయణ దాన్ని పక్కన పెట్టేశాడు. గజమాల కుర్చీలో పడేసి, "ఆ ఫ్రీజరు యాడ దొరుకుతాది తల్లీ?" అని అడిగాడు.

మర్నాటికల్లా ఫ్రీజరు దిగింది. సంతోషమే!

కాబట్టి శాస్త్రవేత్తలారా, నిధుల కోసం దరఖాస్తులు రాసి కాలం పాడుచేసుకోకండి. ముందుగా అధ్యక్షులవారి ఇంట్లో ఎవరికే రోగముందో వాకబు చేసుకోండి. ఆ ఇంట్లో అందరూ చల్లగా ఉన్నారా? అయితే ఊళ్లో రోగుల సంగతి ఆ దేవుడికే వదిలెయ్యండి!