మూడు హారన్ల సాక్షి

"అక్కా, నా మెదడు పనిచెయ్యడం మొదలుపెడితే నేరస్థుడి నీడ కూడా వాణ్ణి వదిలేసి వచ్చి నాకు లొంగిపోతాది!"

ఈ చారిత్రక ప్రకటన వెలువడే సమయానికి వకీలు పంకజాక్షి తిరుపతి కోర్టు ఎదురుగా ఉన్న తన ఆఫీసులో ఫైలు చదువుకుంటోంది. ప్రకటించినవాడు సొంత తమ్ముడు చెంగల్రాయుడు. చేతిలో భూతద్దం, జేబునిండా 'అంతర్జాతీయ డిటెక్టివ్' అని అచ్చేయించుకున్న కార్డులు. ఇంతవరకూ అతను ఛేదించిన కేసు తన చెప్పులు పోయిన కేసొక్కటే. అవి అతని కాళ్ళకే దొరికాయి.

"నీడ సంగతి తర్వాత. ముందు ఆ కుర్చీలో నుంచి లెయ్. కుప్పమ్మ కూర్చోవాల."

కుప్పమ్మ తిరుచానూరులో పూలమ్ముకునే మనిషి. పూలు తేవడానికి వడమాలపేట వెళ్ళి రోడ్డు దాటుతుంటే రాజారత్నం అనే పెద్దమనిషి కారు గుద్దేసింది. కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోయి మాలకు ముడి వెయ్యలేకపోతోంది. ఆపరేషన్ చేస్తే వేళ్ళు వంగుతాయి. ఆపరేషన్ కావాలంటే నష్టపరిహారం రావాలి. అది రాకుండా అడ్డం నిలబడ్డాడు మురుగేష్ అనే సాక్షి.

ప్రమాదం జరిగినచోట మరమగ్గాల షెడ్డు అతనిది. కారు మూడుసార్లు హారన్ కొట్టిందనీ, షెడ్డు లోపలున్న తనకే వినపడిందనీ, కుప్పమ్మే లెక్కచెయ్యకుండా అడ్డమొచ్చిందనీ ప్రమాణపత్రం దాఖలు చేశాడు. మగ్గాల మోతలో ఎలా వినపడిందని అడుగుదామంటే, అది భోజనాల వేళ, మగ్గాలన్నీ ఆపేశామని ముందే రాసిపెట్టాడు. పంకజాక్షికి ఉన్న ఒక్క దారీ అలా మూసుకుపోయింది.

"ఇది పక్కా హత్య!" అన్నాడు చెంగల్రాయుడు.

"ఒరే, కుప్పమ్మ బతికే ఉండాది. నీ ఎదురుగా కూర్చోనుండాది."

"అదేక్కా వాళ్ళ ఎత్తు!"

కుప్పమ్మ కంగారుపడి తనను తాను ఒకసారి తడిమి చూసుకుంది.

ఆ రోజే చెంగల్రాయుడు గుండు కొట్టించుకుని వడమాలపేట బయలుదేరాడు. తిరుపతి చుట్టుపక్కల గుండును మించిన మారువేషం లేదని అతని సిద్ధాంతం. బస్సు దిగగానే టీకొట్టతను, "ఏం చెంగల్రాయా, మొక్కు తీరిందా?" అని పలకరించాడు. అయినా మన డిటెక్టివు అధైర్యపడలేదు. సాయంత్రం తిరిగొచ్చి, వగరుస్తూ నివేదిక సమర్పించాడు.

"మురుగేషు మామూలోడు కాదక్కా! మగ్గాలు ఆపేసి అందురూ అన్నాలు తింటా ఉండారు. వాని ఎనకాల నిలబడి 'హంతకుడా!' అన్న్యా. తిరగలా. 'పోలీసులొచ్చినారు' అన్న్యా. ఊహూఁ. ముద్ద మింగినాడే గానీ రెప్ప గూడా ఆడించలా. ఉక్కు నరాలక్కా!"

"నోరు మూసుకోని పోరా. రేపు వాణ్ణి క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యాల నేను."

"నా ప్రశ్నలు వాడుకో. మొదటిది, హత్య జరిగిన రాత్రి నువ్వు యాడున్న్యావు?"

"జవాబు తెలీని ప్రశ్న క్రాసులో అడగకూడదురా. అదే మాకు ముఖ్యమైన సూత్రం."

చెంగల్రాయుడి ప్రశ్నలకు జవాబులు దేవుడికి కూడా తెలియవు. అక్క విసుక్కుందని నొచ్చుకుని, ఆమెను ప్రసన్నం చేసుకోవడానికి గ్లాసునిండా ఐసు వేయించి నన్నారి షర్బత్ తెచ్చాడు. ఎండకు వాడిపోయి ఉన్న పంకజాక్షి గడగడా తాగేసింది. తెల్లారేసరికి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. కోర్టు వరండాలో కుప్పమ్మ ముఖం చూసి పంకజాక్షికి ఏడుపొచ్చినంత పనయింది.

మురుగేష్ బోనెక్కాడు. రాజారత్నం తరఫు వకీలుది మైకు అక్కర్లేని గొంతు. ఆయన "ఈ సంతకం నీదేనా?" అని గర్జించగానే సాక్షి "నాదే" అన్నాడు. పంకజాక్షి వంతు వచ్చింది. బోను పక్కనే నిలబడి, ఉన్న గాలంతా కూడగట్టుకుని అడిగింది.

"మీరేం పని చేస్తారు?"

"మూడుసార్లు కొట్టినాడమ్మా."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె మళ్ళీ అడిగింది.

"మీ ఊరేది?"

"లేదమ్మా, మగ్గాలు ఆపేసినాము. సూదిపడినా ఇనపడతాది."

మెత్తగా మాట్లాడే జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. "ప్రశ్న వినపడుతోందా మీకు?"

"తప్పంతా ఆయమ్మదే సార్," అన్నాడు మురుగేష్ వినయంగా.

అంతలో వెనక బెంచీ మీద నుంచి ఒక గుండు లేచింది. "హత్య జరిగిన రాత్రి నువ్వు యాడున్న్యావు?" అని పైకప్పు అదిరేలా అరిచింది.

మురుగేష్ ఉలిక్కిపడ్డాడు. "ఏం హత్యప్పా?" అని, వెంటనే ముఖం వికసించి జడ్జిగారి వైపు తిరిగాడు. "ఇదో, ఇట్లా అడగమనండి సార్ ఆ వకీలమ్మను! పుట్టినకాడ్నుంచి మగ్గాల మోతలో ఉన్నోణ్ణి. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడినా ఇనపడదు, గుసగుసలాడితే నాకేం ఇనపడతాది?"

జడ్జిగారి కలం చకచకా కదలసాగింది. గర్జించే వకీలు తన కాగితాల్లో ఏదో వెతుక్కోసాగాడు. పంకజాక్షికి అప్పుడు వెలిగింది, ఉక్కు నరాల సంగతి. ఇక ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా కూర్చుంది. క్రాసులో ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా విద్యే.

జడ్జిగారు చెంగల్రాయుణ్ణి చీవాట్లు పెట్టి బయటికి పంపించారు. కొన్ని వారాలకు, ప్రమాదంలో కుప్పమ్మ తప్పేమీ లేదని, నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పిచ్చారు.

"అక్కా, నన్నారిలో అంత ఐసు ఊరికే ఏయించినాననుకున్న్యావా?" అన్నాడు చెంగల్రాయుడు. పంకజాక్షి వెతికింది గానీ, విసరడానికి చేతికందేంత దగ్గర్లో ఏమీ దొరకలేదు.

ఆపరేషన్ అయి, చెయ్యి కోలుకున్నాక ఒకరోజు కుప్పమ్మ ఆఫీసుకొచ్చి, ఒక మల్లెపూల మాల బల్లమీద పెట్టింది. చెంగల్రాయుడు భూతద్దం తీసి మాలను ఈ కొస నుంచి ఆ కొస దాకా పరీక్షించాడు.

"ముడులన్నీ వదులుగా ఉండాయి. ఇది పూలు కట్టడం కొత్తగా నేర్చుకుంటా ఉండే ఎవరో మొగోడి పని. కుప్పమ్మా, ఎవురో నీ పేరు చెడగొట్టాలని కుట్ర చేస్తా ఉండారు!"

కుప్పమ్మ కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా ముడిచి చూపించింది. నవ్వుతోంది గానీ కళ్ళనిండా నీళ్ళు.

"ఆ మొగోణ్ణి నేనే నాయనా."